రికార్డింగ్ ఆపకుండా తీసిన బ్యాటరీ

తెనాలి చెంచుపేటలో వినయ్ కుమార్ కొట్టు ఎక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు. డ్రోన్ వినయ్ అంటే మాత్రం రెండు బజార్ల అవతలి నుంచే చెయ్యి చూపిస్తారు. నలభైకి దగ్గరపడ్డ మనిషి. కాస్త బొద్దుగా ఉంటాడు, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకునే మాట్లాడతాడు. పెళ్లి, ఓణీల ఫంక్షన్, గృహప్రవేశం, రొయ్యల చెరువు కొలతలు, ఎవరు పిలిచినా కాదనడు. ఒకే ఉదయం రెండు చోట్లకు ఒప్పుకుంటాడు. ఎలాగోలా రెండు చోట్లా కనిపిస్తాడు.

తండ్రి రేపల్లెలో ఒక బడిలో గుమాస్తాగా పనిచేసి పోయాడు. డిగ్రీ మధ్యలో మానేసిన వినయ్ తెనాలి వచ్చి, ఒక స్టూడియోలో పెళ్లిళ్లకు లైటు పట్టుకునే పనిలో చేరాడు. లైటు పట్టుకుంటూనే కెమెరా నేర్చుకున్నాడు. డ్రోన్లు వచ్చిన కొత్తల్లో ఒక పాతది కొని సొంతంగా కొట్టు పెట్టాడు. భార్య వీణ కొట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని వీడియోలు అతుకుతుంది, ఆల్బములు తయారుచేస్తుంది. పనిలో వినయ్‌కి మంచి పేరే ఉంది. కొత్తగా డ్రోన్ కొన్నవాళ్లు అతని దగ్గరికే వచ్చి నాలుగు సంగతులు తెలుసుకుపోయేవాళ్లు. వాళ్లకు అతను మొట్టమొదట చెప్పే మాట ఒకటుంది. దించగానే ఎర్ర బటన్ నొక్కి రికార్డింగ్ ఆపాలి, తెర మీద అంకెలు ఆగేదాకా ఉండాలి, తర్వాత పవర్ ఆపాలి, అప్పుడే బ్యాటరీ మీద చెయ్యి వెయ్యాలి. పరాయివాళ్లకు అంత వివరంగా చెప్పిన ఆ పనిని, అమ్మ పుట్టిన ఊళ్లో తానే చెయ్యలేదు.

ఆ ఊరు రేపల్లె దాటాక, కాలువ గట్టు పక్కన ఉంటుంది. అక్కడి లూథరన్ గుడి పాతబడింది. గోపురం పగులు ఇచ్చింది. దాన్ని పడగొట్టి కొత్తది కట్టాలని సంఘం తీర్మానించుకుంది. ముందు గంటను కిందికి దించాలి. ఈస్టర్ వెళ్లిన తర్వాతి వారం ఒక ఉదయాన ఆ పని పెట్టుకున్నారు.

ఆ ఊళ్లో గంటకు మూడు మోతలుంటాయి. ఆరాధనకు పిలిచేది ఒకటి. పెళ్లి మోత ఒకటి, గుక్కతిప్పుకోకుండా కొడతారు. చావు మోత ఒకటి, ఒక దెబ్బ కొట్టి, దాని మోత పూర్తిగా చచ్చిపోయాక మరొకటి. పొలంలో ఉన్నవాళ్లు మోతను బట్టే పని ఆపాలో వద్దో తెలుసుకుంటారు. ఊరికే చావు గంట కొట్టడం ఆ ఊళ్లో తప్పు. ఈ మూడూ కొట్టేది ఇస్సాకు, వినయ్‌కి వరసకు మేనమామ. పడుచుతనం నుంచీ ఆయనే. కూలి పని చేసుకునే మనిషి, ఇప్పుడు డెబ్బై దాటాడు. గంట తాడు తెగి చాలాకాలమైనా కొత్తది వెయ్యలేదు. అందుకని ఆయన గోపురం ఎక్కి, గంటను చేతులతోనే తోసి కొడుతున్నాడు.

దించే ముందు ఇస్సాకు చేత మూడు మోతలూ చివరిసారి కొట్టించాలని అనుకున్నారు. చావు మోత కూడా, గుడి కోసం. సంఘ పెద్ద జార్జి మాస్టారు పాస్టరు గారిని అడిగి మరీ అందుకు ఒప్పించాడు. గోపురం పైన నాలుగు వైపులా అడ్డుగోడ ఉండటంతో కింద నిలబడ్డ వాళ్ల ఫోన్లకు గోడ, ఆకాశం తప్ప ఏమీ అందవు. గంట దగ్గర ఇస్సాకును చూపించాలంటే డ్రోన్ ఒక్కటే దారి. మన ఆడపడుచు కొడుకే ఉన్నాడు గదా అని వినయ్‌ని పిలిచారు.

మొదటి నుంచి చివరిదాకా ఎక్కడా ఆపకుండా ఒకే ముక్కగా తియ్యమన్నాడు జార్జి మాస్టారు. వినయ్ అలాగే తీశాడు. ఇస్సాకు మెట్లెక్కడం, మూడు మోతలు, ఆయన దిగడం, కుర్రాళ్లు గొలుసులు కట్టి గంటను దించడం, అన్నీ ఒకే ముక్క. గంట నేలకు తాకేసరికి బ్యాటరీ అడుగంటింది. డ్రోన్‌ని గుడి మెట్టు మీద దించాడు. అప్పుడే ఫోను మోగింది. తెనాలి ఫంక్షన్ హాల్ నుంచి. ఓణీల పిల్లను పల్లకీలో తీసుకొస్తున్నారు, నువ్వెక్కడ అని. అతని దగ్గర పనికొచ్చే బ్యాటరీలు రెండే. దీన్ని దారిలో కార్లో చార్జింగ్‌కి పెడితే తప్ప అక్కడ పని సాగదు. వస్తున్నానండి, దారిలోనే ఉన్నానండి అంటూ వచ్చి, డ్రోన్ లైట్లు ఇంకా వెలుగుతుండగానే బ్యాటరీ లాగేశాడు. ఎర్ర బటన్ నొక్కలేదని కారు గేరు మారుస్తుండగా గుర్తొచ్చింది. గుర్తొచ్చినా కారు ఆపలేదు.

సాయంత్రం కొట్లో కార్డు పెట్టి చూస్తే ఫైలు తెరుచుకోలేదు. కార్డులో తేడా ఉంది, సరిచెయ్యమంటావా అని కంప్యూటర్ అడిగితే కంగారులో సరేనన్నాడు. దాంతో ఫైలు సైజు సున్నా అయింది. కార్డు తీసి సొరుగులో పడేశాడు.

మర్నాడు జార్జి మాస్టారు ఫోన్ చేశాడు. వినయ్ అబద్ధం తయారుచేసుకుని ఏమీ లేడు. అడిగినప్పుడు నోటికి అదే వచ్చింది.

"వీడియో రాలేదు మాస్టారూ. దించాక ఎవరో చెయ్యి పెట్టినట్టున్నారండి. ఇస్సాకు మావయ్య దగ్గరే ఉన్నాడు గదా."

అంతే అన్నాడు. ఇస్సాకు పాడుచేశాడని అనలేదు. మిగతాది జార్జి మాస్టారే పూర్తిచేసుకున్నాడు. ఆదివారానికల్లా ఊళ్లో అందరూ పూర్తిచేసుకున్నారు.

తర్వాత నెల రోజులకు పైగా వినయ్ ఆ ఊరి ఫోన్లు వచ్చినప్పుడల్లా పనిలో ఉన్నానని చెప్పాడు. ఫైలు బాగుపడుతుందేమోనని ఒక్కసారీ ప్రయత్నించలేదు. పోయిందనుకుంటే ఆ గొడవ అక్కడితో ఆగిపోతుందని ఎక్కడో ఉంది మనసులో. ఆ కార్డుని మళ్లీ డ్రోన్‌లో పెట్టలేదు కూడా. దాన్ని చూస్తేనే ఒళ్లు ముడుచుకుపోయేది. దాని మీద మరో పెళ్లి ఎక్కించి ఉంటే అంతా నిజంగానే పోయేది. అంటే కార్డుని కాపాడింది జాగ్రత్త కాదు, సిగ్గు.

ముంజెల రోజుల్లో ఒక ఉదయం ఇస్సాకు కొట్టుకి వచ్చాడు. రేపల్లె ప్యాసింజర్ దిగి, స్టేషన్ నుంచి దారి అడుగుతూ నడిచి వచ్చాడు. ఉతికిన తెల్లచొక్కా, తలకు తువ్వాలు, చేతిలో సంచి నిండా ముంజెలు. లోపలికి వచ్చేముందు గుమ్మం దగ్గర ఆగి, దేనికి తగలకూడదో చూసుకుంటున్నట్టు చుట్టూ చూశాడు. ట్రైపాడ్లకు దూరంగా స్టూలు మీద కూర్చున్నాడు.

వీణ ఆయన్ని కూర్చోబెట్టి పక్క హోటల్ నుంచి పూరీలు తెప్పించింది. వద్దంటూనే తిన్నాడు. తిన్నాక చేతులు కడుక్కుని తువ్వాలుతో తుడుచుకుని, తుడిచిన చేతులు ఒళ్లో పెట్టుకుని అసలు సంగతి ఎత్తాడు.

"అల్లుడూ, తప్పు నాదే. ఆ మిషను మీద ఎండుటాకు పడితే తీశాను. అప్పుడే ఏదో నొక్కుకుపోయుంటది."

వినయ్ కంప్యూటర్ వైపే చూస్తున్నాడు.

"గంట తోసీ తోసీ ఈ వేళ్లు మొద్దుబారిపోయినయ్. దేన్నెంత నొక్కుతున్నానో నాకే తెలీదు. బాగుచెయ్యడానికి ఏమన్నా ఉపాయం ఉందేమోనని వచ్చాను. మీ అత్త రోజూ ఏడుస్తుంది."

ఇంకా చెప్పాడు. భార్య కాంతమ్మ స్త్రీల కూడికకు వెళ్లడం మానేసిందట. అక్కడ నవ్వులాటకు అన్న మాటలే, కానీ ఆమె పడలేకపోయింది. కొత్త గుడికి గంట కొట్టే మోటారు పెట్టాలనుకుంటున్నారట. స్విచ్ వేస్తే అదే కొడుతుంది. మనిషి అక్కర్లేదు. జార్జి మాస్టారు వచ్చి నీ చెయ్యి ఇదివరకట్లా లేదు గదా ఇస్సాకూ అంటే, లేదు మాస్టారూ అని తానే ఒప్పేసుకున్నాడట. ఆ మాట ఆయన నిష్ఠూరంగా అనలేదు. వర్షం పడిందని చెప్పినట్టు చెప్పాడు.

వీణ జాలిపడింది. జాలితోనే బుద్ధి కూడా చెప్పింది. ఇలాంటివి చాలా సున్నితంగా ఉంటాయి మావయ్యగారూ, ఇకనుంచి ఎవరిదైనా సరే ముట్టుకోకండి అంది. ముట్టుకోనమ్మా అన్నాడు ఇస్సాకు. వినయ్ ఆ రెండు మాటల మధ్యా కూర్చుని ఉన్నాడు. నోరు తెరవడానికి అంతకంటే మంచి సమయం ఉండదని అతనికి తెలుసు.

"చూద్దాం మావయ్యా," అన్నాడు.

ఆయన్ని స్టేషన్‌లో దించి వచ్చాక, పోయిన ఫైళ్లు తీసేవాళ్లు ఎవరైనా తెలుసా అని వీణని అడిగాడు. నెల కిందటే అడగాల్సింది గదా అంది వీణ. ఆమెతో కలిసి చదువుకున్న నాగజ్యోతి బాపట్లలో కంప్యూటర్ల కొట్టు నడుపుతోంది. పోయిన హార్డ్‌డిస్కులు, కాలిపోయిన సీసీ కెమెరా రికార్డులు చుట్టుపక్కల వాళ్లంతా ఆమె దగ్గరికే తెస్తారు. డ్రోన్ కూడా తీసుకుని రమ్మందని ఫోన్‌లో కనుక్కుని చెప్పింది.

నాగజ్యోతి గలగలా మాట్లాడే మనిషి. అన్నయ్యా అంటూనే పనికొచ్చే ప్రశ్నలన్నీ అడిగేసింది. కార్డు మీద తర్వాత ఏమైనా రికార్డు చేశారా అంటే లేదన్నాడు. బతికించారు అంది. అసలు కార్డుని కదిలించకుండా ముందు దానికి అచ్చంగా ఒక కాపీ తీసుకుంది. ఆ కాపీ మీదే పనిచేస్తానంది.

"ఎలా ఆగిందో చెప్పండి. కింద పడిందా, బ్యాటరీ అయిపోయిందా, ఎవరైనా పీకారా? డాక్టరు దగ్గర దాస్తే రోగం ముదురుతుంది, ఇదీ అంతే."

"ఊళ్లో ముసలాయన ఒకాయన చెయ్యి పెట్టాడమ్మా," అన్నాడు వినయ్.

మొదటిసారి తడబడి అన్న మాట. ఈసారి తడబాటు కూడా లేదు. చెప్పీ చెప్పీ నున్నగా అయిపోయింది.

జరిగిందేమిటో ఆమె తేలిగ్గానే చెప్పింది. బొమ్మలన్నీ కార్డులోకి వచ్చే ఉన్నాయి. రికార్డింగ్ ఆపినప్పుడు ఏది ఎక్కడుందో డ్రోన్ చివర్లో రాసుకుంటుంది. ఆ రాసుకునే వ్యవధి ఇవ్వకుండా కరెంటు పోయింది. గోడౌన్ నిండా బస్తాలున్నాయి, ఏ వరసలో ఏముందో చెప్పాల్సిన గుమాస్తా చెప్పకుండా వెళ్లిపోయాడు, అంతే అంది. అదే డ్రోన్‌తో, ఆ రోజు పెట్టిన సెట్టింగులతోనే తీసిన మంచి ఫైలు ఒకటి ఉంటే, దాని వరస చూసి దీని వరస పెట్టొచ్చు.

ఆ ఉదయం వెలుతురు తక్కువగా ఉందని వినయ్ సెట్టింగులు మార్చాడు. ఏం మార్చాడో సరిగ్గా గుర్తులేదు. కొత్తగా ఒకటి తీద్దామని డ్రోన్ పట్టుకుని బయటికి నడవబోతుంటే నాగజ్యోతి ఆపింది. ఇక్కడ దగ్గర్లోనే ఎయిర్‌ఫోర్సు స్టేషనుంది, ఎగరేస్తే వాళ్లతో పంచాయితీ అవుతుంది, చేత్తో పట్టుకుని తీసినా చాలు అంది. పెళ్లిళ్లలో ఆకాశం నుంచి తీసే మనిషి, డ్రోన్‌ని పళ్లెంలా రెండు చేతులతో పట్టుకుని బాపట్ల బజారులో అటూ ఇటూ నడిచాడు. అన్నా, ఎగరడం లేదా, నెట్టమంటావా అని అరటిపళ్ల బండివాడు అడిగాడు.

మొదటిసారి తీసినదాన్ని ఆధారంగా పెడితే తెర నిండా ఆకుపచ్చ, గులాబీ మరకలు వచ్చాయి. సెట్టింగు మార్చి మళ్లీ బజారులో నడిచాడు. ఈసారి ఎర్ర బటన్ నొక్కి, అంకెలు ఆగేదాకా నిలబడి, లోపలికి తెచ్చాడు. నాగజ్యోతి సాఫ్ట్‌వేర్ నడిపింది. ఇద్దరూ టీ తాగారు. మధ్యలో ఒకాయన ప్రింటర్ తెచ్చి ఇచ్చి వెళ్లాడు. అప్పుడు తెర మీద గోపురం వచ్చింది.

డ్రోన్‌కి మైకు ఉండదు. బొమ్మ ఒక్కటే. అడ్డుగోడ లోపల ఇస్సాకు నిలబడి ఉన్నాడు. ఆరాధన మోతకు ఒక చేత్తో తోశాడు. పెళ్లి మోతకు రెండు చేతులూ వేశాడు, నడుం కూడా ఊగింది, పళ్లు కనిపించాయి. తర్వాత ఆగాడు. తలకు చుట్టిన తువ్వాలు విప్పి భుజాన వేసుకున్నాడు. ఒకసారి తోసి, చెయ్యి తీసేసి, తల వంచుకుని నిలబడ్డాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. మళ్లీ తోశాడు. శబ్దం లేకపోయినా అది ఏ మోతో తెలుస్తూనే ఉంది. నాగజ్యోతి టీ గ్లాసు కింద పెట్టేసింది.

తర్వాత గొలుసులు, కుర్రాళ్లు, కిందికి జారుతున్న గంట. డ్రోన్ దిగింది. గుడి మెట్టు దగ్గరగా వచ్చి నిలిచింది. వినయ్‌కి సంబంధించినంతవరకు వీడియో అక్కడితో అయిపోయింది. తెర మీద మాత్రం అవలేదు. ఎవరూ ఆపలేదు కాబట్టి కెమెరా తీస్తూనే ఉంది.

ఇస్సాకు కాళ్లు వచ్చాయి. ఆయన వంగాడు. రెండు వేళ్లతో కెమెరా ముందు నుంచి ఒక ఎండుటాకు తీశాడు. కంట్లో నలుసు తీసినంత నెమ్మదిగా. ఆకు పారేసి, లేచి, పిల్లలు దగ్గరికి రాకుండా చేతులు చాచి అడ్డంగా నిలబడ్డాడు. బొమ్మ నడుస్తూనే ఉంది. పిల్లలు వచ్చారు, ఆయన అదిలించాడు, పోయారు. బొమ్మ నడుస్తూనే ఉంది. అప్పుడు ఇంకో కాళ్ల జత వచ్చింది. ఇస్సాకు పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు. ఒక మనిషి వంగాడు. భుజానికీ చెవికీ మధ్య ఫోను, తెరంతా ముఖం, కదులుతున్న పెదవులు. చెయ్యి పెద్దదై వచ్చింది. మెట్టు, ఆకాశం, మెట్టు. నలుపు.

నాగజ్యోతి తెర వైపు చూసింది. అతని వైపు చూసింది.

"మీరు చెప్పిన ముసలాయన ఈయనేనా అన్నయ్యా?"

వినయ్ డ్రోన్‌ని సంచిలో పెట్టుకోసాగాడు. ఆమె రెండోసారి అడగలేదు. గొంతు మార్చి, గిరాకీని అడిగినట్టు అడిగింది.

"చివరి ముక్క అక్కర్లేదనుకుంటే తీసేస్తాను."

"తీసెయ్యమ్మా," అన్నాడు.

అనేశాక గాని తాను అన్నది వినపడలేదు. ఆమె తీసేసింది. గంట నేలకు తాకేచోట బొమ్మ అందంగా ఆగిపోయేట్టు చేసింది. పెన్‌డ్రైవ్‌లో రెండూ ఎక్కించాను, పూర్తిదీ కత్తిరించిందీ, ఏది వాడుకుంటారో మీ ఇష్టం అని చేతిలో పెట్టింది. వీణని అడిగానని చెప్పమంది. గుమ్మం దాకా రాలేదు.

తెనాలి వచ్చేదాకా రైల్లో అతను ఆలోచించింది కత్తిరించిన ముక్క గురించే. అది చూపిస్తే చాలు. ఊరు సంతోషిస్తుంది. ఇస్సాకు తన మోతలు చూసుకుంటాడు. పాడైంది బాగయ్యాక ఎవరు పాడుచేశారన్నది ఎవరికి కావాలి? ఈ లెక్కలో ఎక్కడా తప్పు దొరకలేదు. అయినా పెన్‌డ్రైవ్‌ని జేబులో పట్టుకున్న చెయ్యి బయటికి తియ్యలేదు.

అతను కొట్లోకి రాగానే వీణ పెన్‌డ్రైవ్ లాక్కుంది. రెండు ఫైళ్లలో పెద్దదాన్ని తెరిచింది. వద్దనడానికి కారణం చెప్పాలి, కారణం చెప్పలేక ఊరుకున్నాడు. ఇస్సాకు తువ్వాలు విప్పినచోట ఆమె కళ్లు తుడుచుకుంది. చివర్లో తెర నల్లబడ్డాక కూడా అలాగే చూస్తూ కూర్చుంది.

"నాకూ అదే చెప్పారు," అంది.

అతను ఏదో అనబోయాడు. తొందరలో జరిగిందని, మాస్టారు అలా అడిగేసరికి నోరు జారిందని.

"పూరీలు పెట్టి మరీ బుద్ధి చెప్పాను ఆయనకి. మీరు పక్కనే కూర్చున్నారు. ముట్టుకోనమ్మా అన్నాడాయన. మీరు విన్నారు."

తర్వాత ఆమె ఆ సంగతి ఎత్తలేదు. భోజనం వడ్డించింది, మర్నాడు ఎవరి ఆల్బమ్ ఇవ్వాలో గుర్తుచేసింది. ఊళ్లోవాళ్ల ఫోన్లలోంచి మోతలు తెప్పించి, పూర్తి వీడియోకి అతికించింది. కత్తిరించిన ఫైలు చెరిపేసింది. చెరిపేశానని చెప్పలేదు. వినయ్ వెతికి, లేదని తెలుసుకున్నాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక వేస్తామని జార్జి మాస్టారికి కబురు చేశారు. గుడి పడగొట్టాక ఆ పక్కనే రేకుల పందిరి వేసుకుని ఆరాధన చేస్తున్నారు. ఎవరింట్లోదో పెద్ద టీవీ తెచ్చి బల్ల మీద పెట్టారు. ఆడవాళ్లు ఒక పక్క చాపల మీద, మగవాళ్లు కుర్చీల్లో. ఇస్సాకుని ముందు వరసలో కూర్చోబెట్టబోతే వద్దని వెనక స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. కాంతమ్మ చాలా రోజుల తర్వాత వచ్చింది. ముసుగు నుదుటి దాకా లాక్కుని ఒక వారన కూర్చుంది.

వినయ్‌కి ఒక ధైర్యం ఉంది. తాను నోరు విప్పక్కర్లేదు. చివర్లో తన ముఖమే వస్తుంది. అందరూ చూస్తారు. చెప్పాల్సిందంతా వీడియోనే చెబుతుంది. తిట్టేవాళ్లు తిడతారు, తల వంచుకుంటాడు, అయిపోతుంది. ఆ ఏర్పాటు అతనికి ఒక రకంగా మర్యాదగానే అనిపించింది.

వీడియో నడిచింది. పెళ్లి మోత దగ్గర పందిరంతా నవ్వింది. చావు మోత మొదలవగానే కుర్చీల్లో ఉన్నవాళ్లు లేచి నిలబడ్డారు, ఎవరూ చెప్పకుండానే. గంట నేలకు తాకింది. ఎవరో కీర్తన అందుకున్నారు. తెర మీద ఇస్సాకు ఆకు తీశాడు, చేతులు చాచి నిలబడ్డాడు, వినయ్ ముఖం వచ్చింది, చెయ్యి వచ్చింది, నల్లబడింది.

చప్పట్లు కొట్టారు.

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. డ్రోన్ తెచ్చినవాడు డ్రోన్ తీసుకుంటున్నాడు, అంతే గదా. అందులో చూడ్డానికేముంది. పాస్టరు గారు దేవునికి స్తోత్రం అన్నారు. బాగుచేయించినందుకు వినయ్‌కి శాలువా కప్పాలని ఎవరో అన్నారు. జార్జి మాస్టారు నవ్వుతూ వెనక్కి తిరిగాడు.

"చూశావా ఇస్సాకూ, నువ్వు చెయ్యి పెట్టినా దేవుడు కాపాడాడు."

అందరూ నవ్వారు. ఇస్సాకు కూడా నవ్వాడు. రెండు చేతులూ తువ్వాలు కింద పెట్టుకున్నాడు.

వినయ్ లేచాడు. టీ గ్లాసులు పంచడం మొదలైంది, కుర్చీలు జరుపుతున్నారు. మాస్టారూ అన్నాడు. వినపడలేదు. మళ్లీ అన్నాడు.

"ఆయన చెయ్యి పెట్టలేదు మాస్టారూ. రికార్డింగ్ ఆపకుండా బ్యాటరీ నేనే లాగేశాను. ఆ పూటే నాకు తెలుసు. మీరు ఫోన్ చేసినప్పుడు ఆయన పేరు చెప్పాను."

దగ్గరున్నవాళ్లకు వినపడింది. దూరంగా ఉన్నవాళ్లు ఏంటంట, ఏంటంట అని అడుగుతున్నారు. ఒకరి నుంచి ఒకరికి అందుతూ ఆ మాట పందిరి చివరిదాకా పోవడం వినయ్ నిలబడి చూశాడు. శాలువా తెచ్చినావిడ దాన్ని మళ్లీ మడిచింది. టీ పట్టుకొచ్చినవాళ్లు అతని ముందు పళ్లెం ఒక క్షణం ఆపి, పక్కవాళ్లకు ఇచ్చారు. జార్జి మాస్టారు ఏదీ గుచ్చి అడగలేదు. ఎన్నో ఏళ్లు బడిలో పిల్లల్ని నిలబెట్టి అడిగిన మనిషి. ఇప్పుడు అడిగితే తనను తాను కూడా ప్రశ్నించుకోవాల్సి వస్తుందని తెలిసినట్టుంది. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, మోటారు మాట మళ్లీ కూర్చుని మాట్లాడుకుందాం ఇస్సాకూ అన్నాడు.

ఇస్సాకు స్తంభం దగ్గర నుంచి కదిలాడు. వినయ్ దగ్గరికి వచ్చాడు. కొడతాడేమో అనుకున్నాడు వినయ్. కొడితే బాగుండుననుకున్నాడు.

"మాస్టారు అడగ్గానే నేనే ఒద్దన్నాను అల్లుడూ, గంట," అన్నాడు ఇస్సాకు. గొంతు మామూలుగానే ఉంది. "ఈ చేతుల్ని నేనే తిట్టుకున్నాను. అన్నం తింటా తిట్టుకున్నాను. నీ కొట్టుకొచ్చి నీకే చెప్పుకున్నాను."

"తప్పయిపోయింది మావయ్యా."

"అవును," అన్నాడాయన.

కాంతమ్మ లేచి వచ్చి మొగుడి పక్కన నిలబడింది. ముసుగు వెనక్కి జరిగిపోయింది, సర్దుకోలేదు. ఇంటికి పోదాం పద అంది. వినయ్ ఎప్పుడు ఆ ఊరు వచ్చినా అన్నం తినకుండా పంపేది కాదు ఆమె. ఆ రోజు అతన్ని రమ్మనలేదు. ఇస్సాకు రెండడుగులు వేసి ఆగాడు.

"కొన్నాళ్లు మా ఇంటికి రాకు నాయనా," అన్నాడు. "వస్తే కాదనలేను."

వినయ్ టీవీ తీగలు చుట్టి, లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని కారు దగ్గరికి నడిచాడు. రేపల్లె దాటేదాకా వీణ కిటికీలోంచి బయటికే చూసింది. తర్వాత, ఏసీ తగ్గించమని ఒకసారి అంది.

కొత్త గోపురానికి మోటారు వద్దని, తాడే వెయ్యాలని సంఘం తీర్మానించినట్టు తర్వాత తెలిసింది. ఇస్సాకు ఒప్పుకున్నాడట, రెండుసార్లు అడిగించుకుని. ఈ సంగతి వినయ్‌కి వీణ చెప్పింది. ఆమెకు కాంతమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆడవాళ్లిద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు.

పునాది వేసిన రోజున రేపల్లె నుంచి వేరే డ్రోన్ మనిషిని పిలిచారు. వినయ్‌కి పిలుపు రాలేదు, రాలేదని అతను ఎవరితోనూ అనలేదు. పని మీద ఆ వైపు వెళ్లాల్సి వస్తే కాలువ గట్టు మలుపు దగ్గర కారు నెమ్మదిస్తుంది, మళ్లీ ముందుకే పోతుంది. కొన్నాళ్లంటే ఎన్నాళ్లో ఇస్సాకు చెప్పలేదు. అడగడానికి వినయ్‌కి మొహం చెల్లలేదు.